ముగ్గుల పుస్తకం

కార్తికమాసం వెళ్ళి మార్గశిరం రాగానే చలి ముదురుతుంది. మార్గశిర పుష్యమాసాలు హేమంత ఋతువు. మాఘ ఫాల్గుణ మాసాలు శిశిర ఋతువు. ఈ రోజుల్లో పగలు తక్కువ, రాత్రి ఎక్కువ. డిసెంబరు 21 లేక 22వ తేదీన పగలు ఏడాది మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది. "మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు" అనే సామెత ఇందుకే పుట్టింది.

రాత్రి పొడవుగా ఉండడం వల్ల నేల ఎక్కువసేపు వేడిని విడిచి చల్లబడుతుంది. ఆ చల్లని నేలనూ గడ్డినీ తాకినప్పుడు గాలిలోని నీటి ఆవిరి చిన్నచిన్న బిందువులుగా మారుతుంది. తెల్లవారేసరికి గడ్డిపరకల మీద మెరిసేవి ఆ బిందువులే. అవి నేలమీద కాక గాలిలోనే తేలుతూ ఉంటే పొగమంచు అంటారు.

ఈ చలిలోనే ముగ్గుల నెల వస్తుంది. డిసెంబరు 16వ తేదీ ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో ప్రవేశిస్తాడు. అప్పటి నుండి సంక్రాంతి వరకు ధనుర్మాసం. అప్పటికి చాలాచోట్ల వరికోతలు పూర్తయి, ధాన్యం ఇళ్ళకు చేరుతూ ఉంటుంది. పొలం పని కొంత తగ్గుతుంది. వేకువనే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గులు పెడతారు. కళ్ళాపి వల్ల దుమ్ము అణగిపోతుంది. తడినేల మీద ముగ్గుపిండి చెదరకుండా నిలుస్తుంది.

ముగ్గు పెట్టడం చూడడానికి తేలికగా కనిపిస్తుంది గాని, దానికి సాధన కావాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని పట్టి, వేళ్ళను మెల్లగా కదుపుతూ జారవిడవాలి. చెయ్యి ఆగితే గీత లావవుతుంది. తొందరపడితే గీత తెగిపోతుంది. అందుకే పెద్దవాళ్ళు చిన్నపిల్లలకు మొదట పలక మీద సుద్దతో ముగ్గు వేయిస్తారు.

చుక్కల ముగ్గులో లెక్క ఉంది. ముగ్గు చెప్పేటప్పుడు "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు" అంటారు. అంటే నడిమి వరుసలో 7 చుక్కలు పెట్టాలి. దానికి పైనా కిందా, చుక్కల సందుల్లోకి వచ్చేటట్లు 6, తరువాత 5, తరువాత 4 చుక్కలు పెట్టాలి. మొత్తం 37 చుక్కలు. "ఏడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేవరకు" అంటే చుక్కకు ఎదురుగా చుక్క పెడుతూ, ఇరువైపులా 5, 3, 1 చొప్పున తగ్గించాలి. మొత్తం 25 చుక్కలు. ఒక్క చుక్క తప్పినా ముగ్గు కుదరదు.

చుక్కలను కలిపి పువ్వులు, చిలుకలు, దీపాలు వేసే ముగ్గులు ఒక రకం. చుక్కలను తాకకుండా వాటి చుట్టూ గీతను తిప్పే మెలికల ముగ్గులు మరొక రకం. కొన్ని మెలికల ముగ్గులలో గీత ఎక్కడా తెగకుండా అన్ని చుక్కలనూ చుట్టి, మొదలైనచోటికే తిరిగి వస్తుంది. ఈ నియమాలు పండితులను కూడా ఆకర్షించాయి. మద్రాసు క్రైస్తవ కళాశాల ఆచార్యుడు గిఫ్ట్ సిరోమణి తన సహచరులతో కలిసి ముగ్గుల గీతలను గణితశాస్త్ర పద్ధతిలో పరిశీలించి, 1974లో ఒక వ్యాసం ప్రకటించారు. వాకిట్లో అమ్మమ్మ నోటితో చెప్పే లెక్క ఆ విధంగా గణిత శాస్త్రజ్ఞుల చర్చలో చోటు సంపాదించింది.

ఈ కళ ఒక్క ప్రాంతానిది కాదు. తమిళనాడులో దీనిని కోలం అంటారు. అక్కడ ధనుర్మాసాన్ని మార్గళి అని పిలుస్తారు. కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ రంగోలి అంటారు. ఒడిశాలో మార్గశిర గురువారాలలో లక్ష్మీపూజ చేసి, నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండితో నేలమీద, గోడలమీద వరికంకులు, లక్ష్మీపాదాలు చిత్రిస్తారు. ఆ చిత్రాలను ఝోటి అంటారు. ఈ రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి పిల్లలు ఇంట్లో ముగ్గునూ, వీధిలో కోలాన్నో, రంగోలినో, ఝోటినో చూస్తూ పెరుగుతారు. యానాం పిల్లలకు ఇంటా వీధిలో కూడా ముగ్గే.

తెలుగు ఇళ్ళలో ఈ ముగ్గుల మధ్య గొబ్బెమ్మలను ఉంచడం ఆచారం. ఆవుపేడ ముద్దలకు పసుపు కుంకుమలు అద్ది, గుమ్మడిపూలు, బంతిపూలు గుచ్చుతారు. ఆడపిల్లలు వాటి చుట్టూ తిరుగుతూ, చప్పట్లు కొడుతూ గొబ్బిపాటలు పాడతారు. తరువాత ఆ ముద్దలను పిడకలుగా చేసి ఎండబెట్టి, భోగిమంటలో వేస్తారు.

ముగ్గు ఆయుష్షు ఒక్కరోజే. మరునాడు చీపురు తగలగానే చెరిగిపోతుంది. గొబ్బిపాట ఆయుష్షు దానిని పాడేవారి జ్ఞాపకమున్నంత కాలమే. ఈ రెండింటినీ నిలపడానికి బడిపిల్లలు చేయదగిన పని ఒకటుంది. అదే ముగ్గుల పుస్తకం.

దీనికి ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఎడమవైపు పేజీలో ముగ్గు వేయాలి. కుడివైపు పేజీలో ఆ ముగ్గు పేరు, చుక్కల లెక్క, నేర్పినవారి పేరు, తేదీ రాయాలి. దాని కింద ఆనాటి ఉదయాన్ని గురించి నాలుగైదు వాక్యాలు రాయాలి. "చలిగా ఉంది" అని రాస్తే చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. "పాలవాడి సైకిలు గంట వినిపించింది, సైకిలు మాత్రం కనిపించలేదు" అని రాస్తే ఆనాటి పొగమంచు కళ్ళకు కడుతుంది. కంటితో చూసినది, చెవితో విన్నది, చేతికి తగిలినది రాయడమే మంచి రచనకు మొదటి మెట్టు.

రెండవ పని, ముగ్గు వేసే విధానాన్ని మాటల్లో రాయడం. ఒక విద్యార్థి బొమ్మ చూపకుండా రాసినది చదివి వినిపించాలి. మరొకరు విని ముగ్గు వేయాలి. "అటు తిప్పి ఇటు కలపాలి" అని రాస్తే విన్నవారికి దారి దొరకదు. "పై వరుసలో ఎడమ నుండి రెండవ చుక్కను, దాని కుడిపక్క చుక్కతో కలపాలి" అని రాస్తే గీత సరిగా పడుతుంది. ముగ్గు తప్పితే ఏ వాక్యం దగ్గర తప్పిందో ఇద్దరూ కలిసి వెతికి, దానిని దిద్దాలి. స్పష్టంగా రాయడం ఇలా అలవాటవుతుంది.

మూడవ పని అన్నింటికన్నా విలువైనది. ఇంట్లో నాయనమ్మనో, అమ్మమ్మనో, పక్కింటి పెద్దవారినో అడిగి, వారికి వచ్చిన గొబ్బిపాటలు, చలి సామెతలు, పొడుపుకథలు రాసుకోవాలి. వాటిని ఎవరి దగ్గర, ఏ ఊరిలో నేర్చుకున్నారో కూడా రాయాలి. హోసూరులో, బళ్ళారిలో, షోలాపూరులో, బరంపురంలో మాట్లాడే తెలుగు ఒకే తీరుగా ఉండదు. ఇరుగుపొరుగు భాషల మాటలు కొన్ని అందులో కలిసి ఉంటాయి. పుస్తకంలో లేదని ఆ మాటను మార్చకూడదు. పెద్దలు పలికినది పలికినట్లే రాసి, దాని అర్థం పక్కన విడిగా రాయాలి.

ఇటువంటి పాటలు ఎన్నో ఇంతవరకు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాటిని ఎరిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. తెలుగు చదవను రాను రాయను నేర్చిన పిల్లలే వాటిని అక్షరాలలో పెట్టగలరు. సంక్రాంతి నాటికి పుస్తకం నిండితే, పాట చెప్పిన పెద్దల ఎదుటనే దానిని ఒకసారి చదివి వినిపించాలి. తప్పిపోయిన చరణం ఏదైనా ఉంటే వారే అందిస్తారు.