పాట పుట్టు తావు

ఒక దేశపు పాట మరొక దేశమునకు చేరినపుడు పెద్దలకు సాధారణముగా ఒక భయము కలుగును: మన బాణీ ఏమగును? మన భాష ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానమును టోక్యో నగరపు రాత్రులలో వెదకిన మానవశాస్త్రజ్ఞుడు ఇయన్ కాండ్రీ. ఈయన అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడు.

దరువుపై మాటలను ప్రాసలతో వడిగా పలుకుటను 'ర్యాప్' అందురు. 1970 దశకమున న్యూయార్కులో పుట్టిన ఈ కళ 1983లో 'వైల్డ్ స్టైల్' అను చలనచిత్రముతో టోక్యో యువకుల కంటబడినది. జపాను భాష దీనికి ఒదుగదని పలువురు వాదించిరి. ఆంగ్లమునందువలె పదములో ఒక అక్షరమును ఊది పలుకుట ఆ భాషలో లేదు. పైగా, తెలుగునందువలెనే క్రియ వాక్యాంతమున వచ్చును. పాదములన్నియు ఒకే క్రియారూపముతో ముగిసినచో అంత్యప్రాస చప్పబడును. మన పద్యకవులు ప్రాసను పాదమున రెండవ అక్షరమునందు నిలిపిరి గనుక వారికి ఈ చిక్కు రాలేదు. జపాను యువకులు వేరొక దారి త్రొక్కిరి. వాక్యక్రమమును మార్చిరి, పాదమును నామవాచకముతో ముగించిరి, కొన్ని అక్షరములను నొక్కి పలికిరి. ఇట్లు భాషకు ఒక క్రొత్త నడక అబ్బినది.

కాండ్రీ 1990 దశకపు మధ్యభాగమున అచ్చటి నైట్ క్లబ్బులకు పోయి ఈ పాటలను వినెను. ఆఖరి రైలు అర్ధరాత్రి ప్రాంతమున వెళ్లిపోవును. తొలి రైలు తెల్లవారుజామున గాని రాదు. ఆ నడుమ గాయకులు, అభిమానులు, రికార్డు కంపెనీలవారు, పత్రికా రచయితలు ఒక్కచోట కూడుదురు. ఆ చోటును 'గెన్బా' అందురు. పని నిజముగా జరుగు తావు అని దాని అర్థము. పోలీసులు నేరస్థలమునకును, సినిమావారు చిత్రీకరణ స్థలమునకును అదే మాట వాడుదురు. పరదేశపు కళ ఇట్టి తావులలో, మనుష్యుల శ్రమచేతనే స్థానికమగునని ఆయన 2006లో వెలువరించిన 'హిప్-హాప్ జపాన్' గ్రంథమున వివరించెను.

పిదప ఆయన 'అనిమే' అనబడు జపాను బొమ్మల చిత్రములను పరిశీలించుటకై స్టూడియోలలో జరుగు సమావేశములకు పోయి కూర్చుండెను. చిత్రమునకు ప్రాణము పోయువారిలో దర్శకునితోపాటు బొమ్మలు గీయువారును, నిర్మాతలును, అభిమానులును కలరని 2013 నాటి 'ది సోల్ ఆఫ్ అనిమే' చెప్పును. అటుపిమ్మట ఆయన దృష్టి ధ్వనివైపు మరలినది. వినువాని చుట్టును లౌడ్ స్పీకర్లు అమర్చి, శబ్దమునకును స్థలమునకును గల సంబంధమును పరిశోధించు ప్రయోగశాలను స్థాపించెను.

రేడియో పాటను మన ముంగిటికి తెచ్చును గాని, ఆ పాట పుట్టిన తావును తేజాలదు. క్రొత్త పాట విని "ఇది మనది కాదు" అని తీర్పు చెప్పుటకు ముందు, అది పుట్టుచున్న చోటికి పోయి ఒక్క రాత్రి వినుట న్యాయము.