అద్దానికి పక్షం రోజులు సెలవు
ఫేస్‌లిఫ్ట్‌తో ముడతలు పోవచ్చు. కానీ తొలి 24 గంటలు, ఆ తర్వాతి రెండు వారాలు ఎలా గడిచాయన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడుతుంది

మూడో రోజు అద్దం చూసుకోవద్దని చాలా మంది ప్లాస్టిక్ సర్జన్లు పేషెంట్లకు ముందే చెబుతారు. వినేవాళ్లు మాత్రం తక్కువ. అద్దంలో కనిపించే మొహం వాళ్లు డబ్బు కట్టిన మొహం కాదు. బుగ్గలు ఉబ్బి ఉంటాయి, దవడల కింద చర్మం ఊదారంగులోకి కమిలి ఉంటుంది, చెవుల చుట్టూ కుట్లు, గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా పట్టీ. చెవి తమ్మె ముట్టుకుంటే స్పర్శ తెలియదు. నవ్వబోతే మూతి ఒక పక్క సరిగా కదలకపోవచ్చు. 'ఎందుకు చేయించుకున్నానా' అని ఏడుపొచ్చే దశ ఇది. అందులో చాలా భాగం మామూలే. వాపు రెండు మూడు రోజుల్లో పతాక స్థాయికి చేరి ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. కమిలిన మచ్చలు రెండు వారాల్లో పలచబడతాయి.

ఇంతకీ ఏది మామూలు, ఏది కాదు? ఇది తెలియక రాత్రి పూట ఓర్చుకుని పడుకునేవాళ్లతోనే అసలు ఇబ్బంది.

ఫేస్‌లిఫ్ట్ తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సమస్య హెమటోమా. అంటే చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం. వేర్వేరు అధ్యయనాల ప్రకారం నూటికి ఒకరి నుంచి ఎనిమిది మంది దాకా ఇది కనిపిస్తుంది. మగవాళ్లలో ఎక్కువ. గడ్డం పెరిగే చర్మానికి రక్తప్రసారం ఎక్కువగా ఉండటం, బీపీ ఎక్కువగా ఉండటం కారణాలని భావిస్తున్నారు. చాలా కేసుల్లో ఇది తొలి 24 గంటల్లోనే బయటపడుతుంది. ఫేస్‌లిఫ్ట్ నొప్పి సాధారణంగా మరీ భరించలేనంత ఉండదు. అందుకే ఒకే పక్కన ఉన్నట్టుండి తీవ్రంగా నొప్పి మొదలైతే, ఆ పక్క ఉబ్బి బిగుసుకుపోయి నల్లబడుతుంటే అది మాత్ర వేసుకుని తెల్లారే దాకా ఆగాల్సిన నొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి గడ్డను తీయించుకోకపోతే పైనున్న చర్మానికి రక్తం అందక అది చచ్చిపోతుంది. మెడలో గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కితే ప్రాణానికే ముప్పు. అరుదే కావచ్చు. కానీ మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా ఒక్క నిమిషం ఆగకూడదు. మొదటి రాత్రి ఆసుపత్రిలోనే ఉండమనడం, ఇంటికి పంపితే పక్కన ఓ మనిషి మెలకువగా ఉండాలనడం బిల్లు పెంచడానికి కాదు.

హెమటోమాకు ప్రధాన శత్రువూ ప్రధాన మిత్రుడూ బీపీయే. అది పెరిగితే మూసుకున్న చిన్న రక్తనాళాలు మళ్లీ తెరుచుకుంటాయి. వాంతులు, దగ్గు, నొప్పి, ఆందోళన అన్నీ బీపీని పెంచేవే. ఆపరేషన్ హడావుడిలో రోజూ వేసుకునే బీపీ మాత్ర మానేయడం మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. ఇంకో పొరపాటు వంగడం. పూజగదిలో వంగి దణ్ణం పెట్టడం, వాకిట్లో ముగ్గు వేయడం, మనవణ్ణి ఎత్తుకోవడం, ఇండియన్ టాయ్‌లెట్‌లో గొంతుక్కూర్చుని ముక్కడం... పాశ్చాత్య దేశాల్లో రాసిన సూచనల పత్రాల్లో ఇవేవీ ఉండవు. అక్కడ జాగింగ్, గోల్ఫ్ మానమని రాస్తారు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ లాంటి మందులతో మలబద్ధకం వస్తుంది కనుక నీళ్లు, పండ్లు, అవసరమైతే విరేచన మందు గురించి డాక్టర్‌ను ముందే అడగడం మంచిది. అలాగని మంచానికే అతుక్కుపోకూడదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజు నుంచే ఇంట్లో మెల్లగా అటూ ఇటూ తిరగాలి.

మందుల విషయంలో మరో తిరకాసు ఉంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి. చీటీ లేకుండా దొరికే కాంబినేషన్ మాత్రల్లో పారాసెటమాల్ పక్కనే ఐబుప్రొఫెన్ కూడా ఉంటుందని చాలా మందికి తెలియదు. విటమిన్ ఇ, చేపనూనె, వెల్లుల్లి క్యాప్సూళ్లు 'మందులు కావు కదా' అని సర్జన్‌కు చెప్పనివాళ్లూ ఉంటారు. వీటిని సాధారణంగా రెండు వారాల ముందే ఆపమంటారు. అయితే గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా మానేస్తే ముఖం కన్నా ముందు గుండె దెబ్బతింటుంది. అది కార్డియాలజిస్టు తేల్చాల్సిన సంగతి. ఆయన కుదరదంటే ముడతలతోనే సరిపెట్టుకోవాలి.

సిగరెట్టు సంగతి మరీ స్పష్టం. ఫేస్‌లిఫ్ట్‌లో చర్మాన్ని కింది పొరల నుంచి విడదీసి, స్మాస్ అనే లోపలి పొరను బిగించి, మిగులు చర్మాన్ని కత్తిరించి కుడతారు. విడదీసిన ఆ చర్మం సన్నటి రక్తనాళాల మీదే బతకాలి. నికోటిన్ వాటినే కుదించేస్తుంది. పొగతాగేవాళ్లలో చర్మం చచ్చిపోయే ప్రమాదం సుమారు 12 రెట్లు ఎక్కువని అమెరికన్ సర్జన్ థామస్ రీస్ బృందం 1984లోనే తేల్చింది. ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత మరో నాలుగు వారాలు మానాల్సిందే. ఖైనీ, గుట్కా, నికోటిన్ గమ్‌లోనూ ఉండేది అదే నికోటిన్.

మెడ బిగించుకున్నవాళ్ల కష్టాలు వేరు. గొంతు ముందున్న ప్లాటిస్మా కండరాన్ని మధ్యలో కలిపి కుడతారు కనుక ఎవరో గొంతు పట్టుకున్నట్టు కొన్ని వారాల పాటు అనిపిస్తుంది. తల ఎత్తులో పెట్టుకోమన్నారని రెండు మూడు లావుపాటి దిండ్లు వేస్తే గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెడ మడత పడుతుంది, చెడు ఎక్కువ జరుగుతుంది. మంచం తలవైపును 30 డిగ్రీలు ఎత్తి వెల్లకిలా పడుకోవాలి. పక్కకు చూడాలంటే మెడ కాకుండా భుజాలతో సహా తిరగాలి. ఒళ్లో ఫోన్ పెట్టుకుని గంటల తరబడి కిందికి చూడటం మెడకు దిండంత చేటు చేస్తుంది.

ఇక ఇంటి వైద్యం. కుట్ల మీద పసుపు, ఆముదం రాయడం, కమిలిన చోట వేడి కాపడం పెట్టడం పెద్దవాళ్లకు చేతికొచ్చిన విద్య. కానీ నెలల పాటు స్పర్శ సరిగా లేని చర్మానికి కాలినా తెలియదు. ఐస్ నేరుగా పెట్టినా, హెయిర్ డ్రయర్ వేడిగా తిప్పినా అంతే. జుట్టుకు రంగు, గోరింటాకు నెలన్నర దాకా ఆగాలి. మొదటి వారం పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నంతో గడిచిపోతుంది. ఉప్పు వాపును నిలబెడుతుంది కనుక ఆవకాయ జాడీకి దూరంగా ఉండటమే మేలు. మన చర్మం ఛాయకు మచ్చలు నల్లబడే తత్వం, చెవి వెనక కీలాయిడ్లు లేచే తత్వం ఎక్కువ కాబట్టి ఎండ తగలకుండా చూసుకోవాలి.

డ్రెయిన్ గొట్టాలు పెడితే ఒకటి రెండు రోజుల్లో, చెవి ముందు కుట్లు వారంలోపు, వెనకవి 10-14 రోజుల్లో తీస్తారు. మూతి వంకర దాదాపు ఎప్పుడూ తాత్కాలికమే. ముఖ నరం శాశ్వతంగా దెబ్బతినే కేసులు నూటికి ఒకటి కన్నా తక్కువ. అయినా కనురెప్ప మూతపడకపోతే, కనుబొమ లేవకపోతే సర్జన్‌కు చెప్పాలి. సెలవుపై అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చి, పది రోజుల్లో అన్నీ ముగించుకుని విమానమెక్కాలనుకునే ఎన్నారైలు ఈ లెక్కలు చూసుకోవాలి. తిరిగి వెళ్లాక సమస్య వస్తే అక్కడి సర్జన్ ఇంకొకరి కుట్లు ముట్టుకోవడానికి వెనకాడొచ్చు.

అసలు కత్తి పెట్టకముందే ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. వయసు మళ్లిన భార్యల్ని వదిలేసే భర్తల మీద 'ది ఫస్ట్ వైవ్స్ క్లబ్' రాసిన అమెరికన్ నవలా రచయిత్రి ఒలీవియా గోల్డ్‌స్మిత్ 2004 జనవరిలో గడ్డం కింది చర్మం బిగించుకోవడానికి వెళ్లి మత్తుమందు వికటించి మరణించారు. ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివిన సర్జన్ ఉన్నారా అన్న ప్రశ్నతో పాటు మత్తు డాక్టర్ ఎవరు, ఆ రాత్రి అత్యవసరమైతే థియేటర్ తెరిచేదెవరు అన్న ప్రశ్నలు కూడా అడిగి తీరాలి. అందానికి చేయించుకునే ఆపరేషన్లను మన ఆరోగ్య బీమా పాలసీలు మినహాయిస్తాయి. సమస్యలొస్తే ఖర్చు సాధారణంగా సొంత జేబు నుంచే.

పిల్లల పెళ్లి కుదిరాక సర్జన్ దగ్గరికి పరుగెత్తే తల్లిదండ్రులను డాక్టర్లు ముందు ముహూర్తం తేదీ అడుగుతారు. రెండు వారాలకు జనంలోకి రావచ్చు, కానీ ఫొటోల్లో బాగుండాలంటే ఆరు వారాలైనా కావాలి. పూర్తి ఫలితం తేలేది మూడు నుంచి ఆరు నెలలకు. నెల రోజుల్లో పెళ్లి పెట్టుకుని వచ్చినవాళ్లను అక్షింతలు పడ్డాకే రమ్మని పంపించేస్తారు.