లక్షల కొబ్బరి చెట్లను కూల్చింది ఈ బుల్లి పురుగే.. పట్టుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా?

చూడ్డానికి బియ్యపు గింజంత కూడా ఉండదు. ఎండుగడ్డి రంగు ఒళ్లు, గాజు లాంటి రెక్కలు. కొబ్బరాకు అడుగున కూర్చుంటే పక్కనే నిలబడ్డ మనిషి కంటికి కూడా ఆనదు. కానీ జమైకాలో, అమెరికాలోని ఫ్లోరిడాలో కొబ్బరి తోటలు మోడుబారిపోవడం వెనక ఉన్నది ఇదే. దీని శాస్త్రీయ నామం హాప్లాక్సియస్ క్రూడస్.

ఈ పురుగును శాస్త్రవేత్తలు తొలిసారి వర్ణించి పేరు పెట్టింది 1907లో. కొబ్బరిని చంపే తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసుకెళ్లేది ఇదేనని గట్టి ఆధారం దొరికింది మాత్రం 1983లో. అంటే మధ్యలో 76 ఏళ్లు! కళ్లెదుటే తిరుగుతున్న పురుగును దోషిగా తేల్చడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది? అసలు ఇలాంటి పురుగుల్లో ఏది ఏదో ఎలా గుర్తుపడతారు? వివరాలు చూద్దాం.

అసలేం జరిగింది?

కరీబియన్ దీవుల్లో కొబ్బరి చెట్లు ఉన్నట్టుండి చనిపోవడం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. మొదట కాయలు ముదరకుండానే రాలిపోతాయి. తర్వాత కొత్తగా వచ్చే పూగుత్తులు నల్లబడతాయి. ఆపై కింది మట్టల నుంచి పైకి ఆకులు పసుపు రంగుకు మారతాయి. చివరకు మొవ్వు కుళ్లి, తల ఊడిపోయి, ఒట్టి మాను కరెంటు స్తంభంలా మిగులుతుంది. తొలి లక్షణం కనిపించాక చెట్టు సాధారణంగా ఆరు నెలలకు మించి బతకదు. దీన్ని లీథల్ యెల్లోయింగ్ అంటారు. అంటే ప్రాణం తీసే పసుపు తెగులు అన్నమాట.

జమైకాలో 1961 నుంచి రెండు దశాబ్దాల్లో దాదాపు 70 లక్షల కొబ్బరి చెట్లు ఈ తెగులుకు బలయ్యాయని అంచనా. ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దీవిలో ఇది 1955లో బయటపడింది. 1971లో మయామీకి చేరింది. 1980ల తొలినాళ్లకే ఆ ప్రాంతంలో సుమారు 3 లక్షల చెట్లు పోయాయి. కొబ్బరి మీదే బతికే చిన్న రైతుకు చెట్టు పోయిందంటే ఒక ఏడాది పంట పోవడం కాదు, దశాబ్దాల ఆదాయం పోవడం.

తెగులు ఒకటి.. మోసేది మరొకటి

మొదట్లో ఇది నేల లోపమని, వైరస్ అని రకరకాల అనుమానాలు వచ్చాయి. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు మొక్కల్లో కొత్త రకం సూక్ష్మజీవులను కనిపెట్టారు. అవి బ్యాక్టీరియా లాంటివే, కానీ వాటికి కణ గోడ ఉండదు. వాటినే ఇప్పుడు ఫైటోప్లాస్మా అంటున్నారు. 1972లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే జబ్బుపడ్డ కొబ్బరిలోనూ అవే కనిపించాయి.

ఫైటోప్లాస్మా మన రైతులకు కొత్తేమీ కాదు. నువ్వు చేలల్లో పూలు ఆకుల్లా మారిపోయే వెర్రితెగులు, వంగలో ఆకులు చిన్నవైపోయే వెర్రితెగులు.. రెండూ ఫైటోప్లాస్మా వల్ల వచ్చేవే. వాటిని దీపపు పురుగులు వ్యాపింపజేస్తాయి.

ఫైటోప్లాస్మా మొక్కలో ఆహారాన్ని మోసే నాళాల్లోనే ఉంటుంది. గాలికి ఎగరదు, నీళ్లలో పారదు. ఆ నాళంలోకి సూది లాంటి నోటిని దించి రసం పీల్చే పురుగు ఏదో ఒకటి దాన్ని లాగేసుకోవాలి. పురుగు ఒంట్లో అది పెరిగి లాలాజలంలోకి చేరాలి. ఆ పురుగు వెళ్లి మరో చెట్టు రసం పీల్చినప్పుడు అందులోకి దిగాలి. అలాంటి పురుగు ఏదన్నదే ప్రశ్న. కొబ్బరాకుల మీద రసం పీల్చే పురుగులు డజన్ల కొద్దీ ఉంటాయి. చూడ్డానికి చాలావరకు ఒకేలా ఉంటాయి కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇంతకీ ఇది ఏ కుటుంబం?

ఈ పురుగులను ఇంగ్లీషులో ప్లాంట్‌హాపర్లు అంటారు. ముట్టుకోబోతే చటుక్కున ఎగిరి దూకుతాయి కాబట్టి ఆ పేరు. వరిని తగలబెట్టినట్టు ఎండగట్టే సుడిదోమ కూడా ప్లాంట్‌హాపరే. మనం దోమ అంటున్నాం కానీ, కుట్టే దోమతో దీనికి సంబంధం లేదు. నల్లి, పేనుబంక, తెల్లదోమ ఉన్న హెమిప్టెరా అనే పెద్ద గుంపులోకి ఇది వస్తుంది.

ప్లాంట్‌హాపర్లలో 20 దాకా కుటుంబాలు ఉన్నాయి. సుడిదోమది డెల్ఫాసిడే కుటుంబం. కొబ్బరి దోమది సిక్సిడే కుటుంబం. అంటే రెండూ దూరపు చుట్టాలు. సిక్సిడే పురుగుల్లో ఒక ప్రత్యేకత ఉంది. పిల్ల పురుగులు మట్టిలో వేళ్ల దగ్గర పెరుగుతాయి, రెక్కలొచ్చాక పైకి వస్తాయి.

శాస్త్రీయ నామం అర్థం కావాలంటే తెలుగువాళ్ల పేర్లు గుర్తుచేసుకుంటే చాలు. మన దగ్గర ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇక్కడా అంతే. హాప్లాక్సియస్ ఇంటిపేరు, దాన్ని ప్రజాతి అంటారు. క్రూడస్ సొంత పేరు, అది జాతి. ఒకే ఇంటిపేరుతో పదుల సంఖ్యలో పురుగులు ఉన్నాయి. అవన్నీ అమెరికా ఖండాలు, కరీబియన్ దీవుల్లోనివే.

ఎలా గుర్తుపడతారు?

కంటితో చూసి చెప్పే పని కాదిది. మైక్రోస్కోప్ కింద ఒక్కో మెట్టూ దిగాలి.

1. మీసాలు ఎక్కడున్నాయి? ప్లాంట్‌హాపర్‌కు మీసాలు కళ్ల కింద, బుగ్గల దగ్గర ఉంటాయి. మొదట్లో ఉబ్బుగా ఉండి, చివర సన్నటి వెంట్రుకలా ఉంటాయి. పత్తిలో కనిపించే పచ్చదోమ లాంటి లీఫ్‌హాపర్లకైతే అవి రెండు కళ్ల మధ్యన ఉంటాయి.

2. వెనక కాలు చూడాలి. కాలి చివర కదిలే పెద్ద ముల్లు ఉంటే అది సుడిదోమ కుటుంబం. లేకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

3. రెక్కలు, నోరు చూడాలి. సిక్సిడే పురుగుల రెక్కలు పల్చగా, పారదర్శకంగా ఉంటాయి. రెక్కల ఈనెల మీద చిన్న చిన్న బుడిపెలు, వాటిపై వెంట్రుకలు కనిపిస్తాయి. రసం పీల్చే ముక్కు చివరి భాగం పొడవుగా ఉంటుంది. కొబ్బరి మీదే కనిపించే డెర్బిడే అనే మరో కుటుంబానికి ఆ భాగం పొట్టిగా ఉంటుంది.

4. వీపు మీద గీతలు లెక్కపెట్టాలి. ఇదే ప్రజాతిని తేల్చే మెట్టు. హాప్లాక్సియస్‌కు వీపు మీద మూడు గట్లు ఉంటాయి. దానికి బాగా దగ్గరి చుట్టమైన ఈక్లియస్‌కు ఐదు ఉంటాయి. జమైకా కొబ్బరి తోటల్లో ఈక్లియస్ పురుగులు కూడా తిరుగుతాయి కాబట్టి ఈ లెక్క తప్పితే మొత్తం తప్పినట్టే.

5. చివరి మెట్టు మగ పురుగు జననాంగాలు. ఒకే ప్రజాతిలోని జాతులు రంగులో, సైజులో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది ఇక్కడే. పొట్ట చివరి భాగాన్ని వేరుచేసి, క్షార ద్రావణంలో మెత్తబరిచి, గ్లిజరిన్‌లో పెట్టి చూస్తారు. లోపలి కొక్కేలు, ముళ్ల ఆకారం ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది, తాళానికి తాళంచెవిలా.

మరి ఆడ పురుగు దొరికితే? ఒకప్పుడు ఇక్కడే చేతులెత్తేసేవారు. పిల్ల పురుగులదీ అదే సమస్య. ఇప్పుడు డీఎన్ఏ పరీక్షతో ఆ చిక్కు చాలావరకు తీరింది. ఒక్క కాలు ముక్క ఉన్నా జాతి చెప్పగలుగుతున్నారు. అయితే పోల్చి చూసుకోవడానికి ముందే సరిగ్గా గుర్తించిన మగ పురుగు నమూనా ఒకటి ఉండాలి. కాబట్టి మైక్రోస్కోప్ పని ఇప్పటికీ తప్పదు.

ఒకే పురుగు.. ఎన్ని పేర్లో!

ఈ పురుగు పేరు వెనక పెద్ద కథే ఉంది. అమెరికా కీటక శాస్త్రవేత్త వాన్ డ్యూజీ జమైకా పురుగులపై 1907లో రాసినప్పుడు దీనికి మిండస్ క్రూడస్ అని పేరు పెట్టారు. 1940లలో ఇదే పురుగును కొత్తది అనుకుని ఒకరు పారామిండస్ కోకోయిస్ అన్నారు, మరొకరు హాప్లాక్సియస్ పాలిడస్ అన్నారు. ఆ మూడూ ఒకటేనని తేలింది తర్వాతే. అమెరికా ఖండాల మిండస్ పురుగులన్నింటినీ ఒక్కచోట చేర్చి, బొమ్మలతో సహా క్రేమర్ అనే శాస్త్రవేత్త 1979లో అధ్యయనం ప్రచురించారు. దాంతో ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక దారి దొరికింది.

పేర్లు వేరైతే నష్టమేంటి అనిపించొచ్చు. ఒక చోట ఒక పేరుతో రాసిన సమాచారం, మరో చోట ఇంకో పేరుతో వెతికేవాళ్లకు దొరకదు. ఒకే మనిషికి మూడు ఆధార్ కార్డులు ఉంటే కేసు ఎంత చిక్కుపడుతుందో ఇదీ అంతే.

కథ అక్కడితో ఆగలేదు. 1989లో రష్యన్ శాస్త్రవేత్త ఎమెల్యనోవ్ మిండస్ ఇంటిపేరునే విడగొట్టారు. అమెరికా వైపు పురుగులు అసలైన మిండస్‌లు కావని చెప్పి, వాటిని 1904లో ఫౌలర్ పెట్టిన హాప్లాక్సియస్ అనే ప్రజాతి కిందకు తెచ్చారు. దీనివల్ల ఒక అపోహ కూడా తొలగింది. పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దీవుల్లో మిండస్ టాఫిని అనే పురుగు కొబ్బరికి ఒక వైరస్‌ను మోస్తుంది. ఒకే ఇంటిపేరు ఉండటంతో ఈ రెండూ అన్నదమ్ములేమో అనిపించేది. ఇప్పుడు అవి వేర్వేరు ఇళ్లవని తేలిపోయింది.

బోనులో దొరికిన దొంగ

పురుగు ఏదో తేలితేనే పరీక్ష పెట్టగలరు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త హోవార్డ్ బృందం అదే చేసింది. కొబ్బరి, దాని కుటుంబానికి చెందిన ఇతర చెట్లను వల కట్టిన పెద్ద బోనుల్లో ఉంచారు. తెగులు ఉన్న తోటల్లో పట్టుకొచ్చిన ఈ దోమలను కొన్ని బోనుల్లో వదిలారు. మిగతా వాటిలో వదల్లేదు. దోమలు వదిలిన బోనుల్లోని చెట్లకే తెగులు సోకింది. ఆ ఫలితాలు 1983లో వెలువడ్డాయి.

దోషి ఎవరో తెలియగానే దాని అడ్డా కూడా తెలిసింది. పెద్ద పురుగు ఉండేది కొబ్బరాకు మీద. కానీ పిల్లలు పెరిగేది చెట్టు కింది గడ్డి వేళ్ల దగ్గర. అంటే పైన మందు కొట్టినంత మాత్రాన పని కాదు, కింద పచ్చిక కూడా చూసుకోవాలి. కొన్ని రకాల గడ్డిలో ఈ పిల్ల పురుగులు తక్కువగా పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. పురుగు పేరు తప్పుగా అనుకుని ఉంటే ఈ విషయం తట్టేదే కాదు.

తెగులుకు మందు లేదా అంటే, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్‌ను మానులోకి ఎక్కించి లక్షణాలను అదుపులో ఉంచుతారు. కానీ దాదాపు నాలుగు నెలలకోసారి ఎక్కిస్తూనే ఉండాలి. ఇంటి ముందు అందానికి పెంచే చెట్టుకైతే సరే, తోట మొత్తానికి సాధ్యమయ్యే పని కాదు. జమైకాలో తట్టుకునే రకాలుగా మలయన్ డ్వార్ఫ్, దాని నుంచి పుట్టిన మేపాన్ హైబ్రిడ్ నాటారు. తర్వాత అవి కూడా తెగులుకు పడిపోవడంతో రైతులు మళ్లీ దెబ్బతిన్నారు.

ఇప్పటికీ ముగియని వేట

ఫ్లోరిడాలో 2006 నుంచి ఖర్జూర, సబాల్ జాతి చెట్లను చంపుతున్న లీథల్ బ్రాంజింగ్ అనే మరో ఫైటోప్లాస్మా తెగులునూ హాప్లాక్సియస్ క్రూడసే మోస్తోందని ఇటీవలి పరిశోధనల్లో తేలింది. మరోవైపు కోస్టారికా, జమైకా లాంటి చోట్ల కొబ్బరి, దాని చుట్టపు చెట్ల మీద వెతికే కొద్దీ ఇంతవరకు పేరే లేని కొత్త జాతులు బయటపడుతున్నాయి. వాటిలో ఏది అమాయకం, ఏది తెగులు మోస్తుంది అన్నది ఒక్కొక్కటిగా తేల్చాల్సిందే.

మనకెందుకు ఇదంతా?

లీథల్ యెల్లోయింగ్ మన దేశంలో లేదు. కానీ కేరళలో కొబ్బరిని పీడించే వేరు విల్ట్ తెగులు కూడా ఫైటోప్లాస్మా వల్లే వస్తుంది. దాన్ని మోసేవాటిలో ప్రౌటిస్టా మోయెస్టా అనే ప్లాంట్‌హాపర్ ఒకటి. ఇక అమెరికా వైపు పురుగులు సముద్రం దాటి రావన్న భరోసా కూడా లేదు. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనిపించింది. ఆ తర్వాత అది గోదావరి జిల్లాల కొబ్బరి రైతులను ఎంత ఏడిపించిందో తెలిసిందే.

మొక్కలతో పాటు పురుగులూ ప్రయాణిస్తాయి. ఓడరేవులో, విమానాశ్రయంలో తనిఖీ చేసేవాళ్ల చేతిలో ఒక చిన్న పురుగు పడితే, అది ఏ ఇంటిదో ఆ పూటే చెప్పగలగాలి. వీపు మీద గట్లు మూడా, ఐదా అని లెక్కపెట్టడం పనిలేని పనిలా అనిపించొచ్చు. ఆ లెక్క తెలిసేలోపే జమైకా లక్షల చెట్లను పోగొట్టుకుంది.