స్కానర్ చెప్పేది సగమే!

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగిందంటే చాలు, కారున్నవాడి గుండెల్లో రాయి పడుతుంది. షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ మొదటి మాట ‘స్కానింగ్ పెడదాం సార్’. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో యంత్రం తగిలిస్తాడు. తెర మీద ‘పీ0335’ అని పడుతుంది. పక్కనే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ సర్క్యూట్ అని ఉంటుంది. ‘సెన్సార్ పోయింది సార్’ అని తేల్చేస్తాడు. కొత్తది వేస్తాడు, కోడ్ చెరిపేస్తాడు, బొమ్మ ఆరిపోతుంది. నాలుగు రోజులు గడిచాక ఏ ఫ్లైఓవర్ మీదో మళ్లీ వెలుగుతుంది.

సెన్సార్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు. అక్కడి నుంచి రావాల్సిన సిగ్నల్ సరిగ్గా రాలేదని మాత్రమే చెప్పింది. సెన్సార్ మంచిదే అయ్యుండొచ్చు. దాని కనెక్టర్‌లో నీళ్లు చేరి పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు, తీగను ఎలుక కొరికి ఉండొచ్చు, ఎర్త్ వదులై ఉండొచ్చు. వీటిలో ఏదో తేల్చడమే అసలు విద్య. ఆటో ఎలక్ట్రీషియన్ అన్నవాడు ఈ రోజు నేర్చుకోవాల్సింది అదే. మన దగ్గర అన్నిటికంటే తక్కువగా నేర్పుతున్నదీ అదే.

టక్కుమంటే ఒకటి, టకటకమంటే ఇంకొకటి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక వీధి నడిస్తే మోటారు లోకమంతా కనిపిస్తుంది. లేత్ మిషన్లు, బాడీ బిల్డింగ్, రేడియేటర్లు, స్ప్రింగు పట్టీలు, వాటి మధ్య ‘సెల్ఫ్ – డైనమో’ అని బోర్డు పెట్టుకున్న చిన్న గదులు. పది తప్పిన కుర్రాడు అక్కడ హెల్పర్‌గా చేరతాడు. మొదట టీలు తేవడం, పానాలు అందించడం. తర్వాత సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) విప్పి పెట్రోలుతో కడగడం, కార్బన్ బ్రష్‌లు మార్చడం. ఏళ్లు గడిచేసరికి చెవి తయారవుతుంది. తాళం తిప్పగానే ‘టక్’ అని ఒక్కసారే చప్పుడై ఊరుకుంటే సొలినాయిడ్ కాంటాక్టులనో, సెల్ఫ్‌నో అనుమానించాలి. ‘టకటకటక’ మని ఆగకుండా కొట్టుకుంటే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ వదులైంది. ఇది పుస్తకాల్లో చదివితే వచ్చేది కాదు. ఈ విద్యను చిన్నచూపు చూసేవాళ్లకు వర్క్‌షాపు వాసన తెలియదని నా అభిప్రాయం.

అయితే బండి మారిపోయింది. మన దేశంలో నాలుగు చక్రాల వాహనాలకు, బండే తన లోపాన్ని గమనించి కోడ్‌గా చెప్పే ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ 2010లో మొదటి దశగా, 2013లో రెండో దశగా తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ద్విచక్ర వాహనాలూ ఈ దారే పట్టాయి. చోక్ లాగి కిక్కు కొట్టే బండి స్థానంలో ఇంజెక్టర్, ఆక్సిజన్ సెన్సార్, వాటిని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఉన్న బండి వచ్చింది. కార్బురేటర్ ట్యూనింగ్‌లో చెయ్యి తిరిగిన మేస్త్రి దగ్గరికి ఇప్పుడు ట్యూన్ చేయడానికి ఏమీ లేని బండి వచ్చి నిలబడుతోంది.

పాత అలవాట్లు కొన్ని కొత్త బండికి ప్రాణాంతకం కూడా. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ‘బండి ఆగలేదు, అంటే డైనమో చార్జింగ్ ఇస్తోంది’ అని తేల్చడం పాత పద్ధతి. ఇప్పటి ఆల్టర్నేటర్ మీద ఆ పని చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూను కాల్చేయగలదు. రెండు వోల్టు రీడింగులతో తేలిపోయే దానికి అంత సాహసం ఎందుకు? ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేశాక చాలా బళ్లలో 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టే. అలాగే బల్బు పెట్టిన టెస్ట్ లాంపు ఫ్యూజుల దగ్గర పనికొస్తుంది కానీ సెన్సార్ తీగల మీద పెట్టకూడదు. ఆ బల్బు లాగే కరెంటును ఈసీయూ లోపలి సర్క్యూట్లు తట్టుకోలేవు. తీగ మీది ప్లాస్టిక్‌లోకి గుండుసూది గుచ్చి చూసే అలవాటు మరొకటి. గుచ్చినవాడు వెళ్లిపోతాడు, ఆ రంధ్రంలోంచి వానాకాలం నీళ్లు దిగుతాయి. ఆరు నెలల తర్వాత రాగి పచ్చబడి తెగితే, ఆ పాపం ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఎయిర్‌బ్యాగ్ సంగతి వేరే చెప్పాలి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే మల్టీమీటర్ దూరంగా పెట్టేయాలి. మీటరు పంపే చిన్న కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగి, ఆ తర్వాతే అటువైపు చెయ్యి పెట్టాలి.

ఎమరీ కాగితం ముక్కతో పోయే జబ్బు

ఒక డీజిల్ వ్యాను తీసుకుందాం. పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. బ్యాటరీ కొత్తది, మీటరు పెడితే 12.6 చూపిస్తోంది. ఇక్కడ చాలామంది సెల్ఫ్ విప్పేస్తారు. పని తెలిసినవాడు పానా జోలికి వెళ్లడు. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టుకే ఆనిస్తాడు. క్లాంపుకు కాదు, నేరుగా సీసపు పోస్టుకే. ఎర్ర ప్రోబును ఇంజిన్ బ్లాకు మీద రంగూ జిడ్డూ లేని చోట నొక్కి పెట్టి, ‘కొట్టన్నా’ అని డ్రైవర్‌కు చెబుతాడు. సెల్ఫ్ తిరుగుతున్నంత సేపూ కళ్లు అంకె మీదే ఉంటాయి. ఎర్త్ దారి బాగుంటే 0.2 వోల్టుల దగ్గరలో ఉండాలి. 1.5 కనిపించిందంటే దొంగ దొరికినట్టే.

ఇక ఎర్ర ప్రోబును ఒక్కో మెట్టూ వెనక్కి జరపడమే మిగిలింది. ఇంజిన్ నుంచి ఎర్త్ పట్టీ, దాని బోల్టు, ఛాసిస్, బ్యాటరీ కేబుల్, క్లాంపు. ప్రతి చోటా ఒకసారి సెల్ఫ్ కొట్టించాలి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో, అంతకు ముందున్న జాయింట్‌లోనే రోగం ఉంది. ఎక్కువగా అది ఛాసిస్ మీద తుప్పు పట్టిన ఎర్త్ బోల్టే అవుతుంది. విప్పి, ఎమరీ కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే బండి గొంతు మారిపోతుంది.

‘అదే జాయింటును ఓమ్స్‌లో పెట్టి చూస్తే సరిపోదా?’ అని ఐటీఐ కుర్రాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతోందనుకుంటే, ఓమ్‌లో నూరోవంతు అడ్డుపడినా 1.5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. మామూలు మల్టీమీటర్ తీగలకే అంతకు ఎన్నో రెట్లు రెసిస్టెన్స్ ఉంటుంది. అది ఆ నూరోవంతును పట్టలేదు, జాయింటు బ్రహ్మాండంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది. ఓమ్ సూత్రం పదో తరగతిలో అందరూ బట్టీ పట్టేదే. అది ఎందుకు పనికొస్తుందో ఈ తుప్పు బోల్టు దగ్గర అర్థమవుతుంది.

రాత్రి బాగున్న బండి తెల్లారేసరికి చచ్చిపడి ఉండటం ఇంకో తలనొప్పి. బండి ఆపాక కూడా కొన్ని యూనిట్లు కాసేపు మేలుకునే ఉంటాయి. తలుపులు వేసి, తాళం పెట్టి, అవి నిద్రలోకి జారేదాకా అరగంటయినా ఆగకుండా కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఆ తర్వాత బ్యాటరీ నుంచి పోయే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఒక ఆంపియర్ పోతుంటే 40 ఏహెచ్ బ్యాటరీ రెండు రోజులు కూడా నిలవదు. ఏ సర్క్యూట్ తాగుతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు పీకక్కర్లేదు. ఒక్కో ఫ్యూజు వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూస్తే చాలు. సున్నా ఉంటే కరెంటు పారడం లేదు. దొరికే దొంగ చాలాసార్లు కంపెనీ బిగించినది కాదు. బయట బేరమాడి వేయించుకున్న మ్యూజిక్ సిస్టమో, రివర్స్ కెమెరానో అవుతుంది.

రెండు తీగల రచ్చబండ

ఇప్పటి కారులో ఇంజిన్‌కు ఒక కంప్యూటర్, ఏబీఎస్‌కు ఒకటి, ఎయిర్‌బ్యాగ్‌లకు ఒకటి, మీటర్ బోర్డుకు ఒకటి. ఇవన్నీ మెలిపెట్టిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి చూపించిన ఈ పద్ధతి పేరు క్యాన్. రచ్చబండ దగ్గర ఒకడు మాట్లాడితే అందరికీ వినపడినట్టు, ఇక్కడ ఒక యూనిట్ పంపిన సందేశం అన్నిటికీ చేరుతుంది. తనకు కావాల్సింది తీసుకుని మిగతాది వదిలేయడం ఒక్కో యూనిట్ పని. చక్రం వేగం ఏబీఎస్ చెబితే, స్పీడోమీటరూ వింటుంది, ఇంజినూ వింటుంది. అందుకే చక్రం దగ్గర ఒక సెన్సార్ పాడైతే సంబంధం లేనట్టు కనిపించే లైట్లు నాలుగు వెలుగుతాయి. యజమాని బెంబేలెత్తుతాడు, అరకొర మెకానిక్ నాలుగు పార్టులకు బిల్లు రాస్తాడు.

దీన్ని చూడటానికి ఖరీదైన యంత్రమే కావాలని లేదు. క్యాన్ లైను రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి, చాలా కార్లలో ఆ పదహారు పిన్నుల సాకెట్‌లోనే 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస తెగిపోయింది. సున్నా దగ్గరికి వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. లక్షల రూపాయల స్కానర్ ‘కమ్యూనికేషన్ లేదు’ అని చేతులెత్తేసిన చోట మామూలు మల్టీమీటర్ దారి చూపిస్తుంది.

బడి ఎక్కడుంది?

పది పాసైనవాళ్లకు ఐటీఐల్లో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్, ఏడాది మెకానిక్ డీజిల్ కోర్సులున్నాయి. విద్యుత్ వాహనాల మెకానిక్ ట్రేడూ వచ్చింది. షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లకు నైపుణ్య పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ పద్ధతీ ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. లోటు బల్ల మీద ఉంది. చాలా చోట్ల పార్టుల పేర్లు చెప్పించి, బొమ్మలు గీయించి పరీక్ష ముగిస్తారు. ఎలక్ట్రికల్ పని నేర్పాలంటే మాస్టారే బండిలో దొంగచాటుగా ఒక లోపం పెట్టాలి. ఒక ఫ్యూజు కాలు విరవాలి, ఒక కనెక్టర్‌లో పిన్ను వెనక్కి నెట్టాలి. పార్టు మార్చకుండా, వైరింగ్ పటం ఒక చేత్తో, మీటరు ఒక చేత్తో పట్టుకుని వెతికి చూపించమనాలి. అలా కొన్ని డజన్ల లోపాలు పట్టిన కుర్రాడికి ఏ కంపెనీ బండైనా ఒకటే.

ఆ వైరింగ్ పటాలు దొరకడమే ఇబ్బంది. అధీకృత సర్వీసు సెంటర్లకు అందినంత తేలిగ్గా వీధి మెకానిక్‌కు అందవు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ మీద కమిటీ వేసి, ఆ ఏడాది చివర్లో పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలూ అందులో ఉన్నాయి. అది గట్టిగా నడిస్తే ఆటోనగర్‌కు మేలు జరుగుతుంది.

విద్యుత్ వాహనాల విషయంలో మాత్రం ‘చూసి నేర్చుకుందాం’ కుదరదు. స్కూటర్ బ్యాటరీ ఎక్కువగా 48 నుంచి 72 వోల్టులు. కారులో మూడు వందలు దాటడం మామూలే. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే తగిన శిక్షణ, వెయ్యి వోల్టులు తట్టుకునే చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. మెయిన్ డిస్‌కనెక్ట్ తీశాక కూడా కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. చిత్రమేమిటంటే, కదలని ఈవీల్లో కొన్నింటికి అసలు జబ్బు పెద్ద బ్యాటరీలో ఉండదు. లోపలెక్కడో ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ నీరసించి, పెద్దదాన్ని కలిపే కాంటాక్టర్లు మూసుకోకపోవడమే కారణం. పాత విద్య అక్కడా అక్కరకొస్తుంది.

ఇంత చెప్పాక, తప్పంతా మెకానిక్‌ల మీదే తోసేయడం న్యాయం కాదు. గంటన్నర వెతికి ఎర్త్ బోల్టు రుద్దినవాడు మూడొందలు అడిగితే ‘చూసినందుకు కూడా డబ్బులా?’ అంటాం. సెన్సార్ మార్చానని నాలుగు వేలు రాసినవాడికి మారుమాటాడకుండా ఇచ్చేస్తాం. వెతికేవాడికి కూలి గిట్టదు, మార్చేవాడికి కమీషన్ కూడా మిగులుతుంది. అలాంటప్పుడు కుర్రాళ్లు ఏ విద్య నేర్చుకుంటారు?

కాబట్టి ఈసారి బండి షెడ్డులో పెట్టినప్పుడు రెండు పనులు చేయండి. ఏ పార్టయినా మార్చేముందు ‘ఏం కొలిచావు, ఎంత వచ్చింది?’ అని అడగండి. సరైన జవాబు చెప్పినవాడికి, పార్టు ఏదీ మార్చకపోయినా సరే, చూసిన కూలి పూర్తిగా ఇవ్వండి.