భుసావల్‌లో పుట్టి, ఇంగ్లండ్ మైదానాల్లో ఆడి: రికీ హెపోలెట్ ఆట జీవితం

సూరత్ నగర శివారున పాండేసరా పారిశ్రామిక వాడకు చేరువలో ఉన్న వడోద్, మరమగ్గాల చప్పుడు మధ్య బతికే ప్రాంతం. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు నేత కుటుంబాలకు సూరత్ తరతరాలుగా ఉపాధి నగరం. ఆ నగరంలోని ఉధ్నా స్టేషన్ నుంచి తాపీ లోయ వెంట తూర్పుగా సాగే రైలు మార్గం జల్‌గావ్ వరకు వెళ్తుంది. అక్కడికి కొద్ది దూరంలోనే భుసావల్ జంక్షన్ ఉంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో మూడు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడిన మిడ్‌ఫీల్డర్ రికీ హెపోలెట్ 1949 ఏప్రిల్ 8న జన్మించినది ఆ భుసావల్‌లోనే.

హెపోలెట్ ఆంగ్లో ఇండియన్ కుటుంబానికి చెందినవాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అనేక ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వలెనే ఆయన కుటుంబమూ దేశం విడిచి వెళ్లింది. చిన్నతనంలోనే ఇంగ్లండ్ చేరిన హెపోలెట్ లాంకషైర్ ప్రాంతంలోని బోల్టన్‌లో పెరిగాడు. బోల్టన్, దాని సమీపంలోని ప్రెస్టన్ నూలు మిల్లుల పట్టణాలు. 1960వ దశకంలో ఆ మిల్లులలో పనిచేయడానికి వెళ్లిన భారతీయులలో సూరత్, భరూచ్ జిల్లాల గ్రామాలవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రాత్రి షిఫ్టులలో వారు మగ్గాల దగ్గర నిలబడిన కాలంలోనే, ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు మైదానంలో భుసావల్‌లో పుట్టిన ఈ యువకుడు మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నాడు.

ఆయన ఆడిన అంచెను అర్థం చేసుకోవాలంటే ఇంగ్లండ్ లీగ్ నిర్మాణం కొంత తెలియాలి. ఆనాటి ఫుట్‌బాల్ లీగ్‌లో నాలుగు డివిజన్లు, వాటిలో మొత్తం 92 క్లబ్బులు ఉండేవి. ప్రపంచానికి తెలిసిన పేర్లన్నీ మొదటి డివిజన్‌వి. కింది మూడింటిలోని క్లబ్బులు సొంత పట్టణం దాటితే పెద్దగా ఎవరికీ పట్టవు. సీజన్ ముగిసేసరికి పట్టికలో పైన నిలిచినవారు పై డివిజన్‌కు ఎక్కుతారు, అడుగున మిగిలినవారు దిగుతారు. ఒక మెట్టు దిగితే టికెట్ల రాబడి తగ్గుతుంది, జీతాలు తగ్గుతాయి, కొందరి ఒప్పందాలు ముగుస్తాయి. గెలిచిన జట్టుకు అప్పట్లో రెండు పాయింట్లే. మూడు పాయింట్ల పద్ధతి 1981లో వచ్చింది. అందువల్ల పట్టికలో జట్ల మధ్య అంతరం చాలా స్వల్పంగా ఉండేది.

హెపోలెట్ ఆట జీవితంలో ఆ ఒక్క పాయింటు రెండుసార్లు ఎదురైంది.

మొదటిసారి కలిసి వచ్చింది. 1888లో లీగ్ మొదలైనప్పటి వ్యవస్థాపక క్లబ్బులలో ఒకటైన ప్రెస్టన్, 1970లో మూడో డివిజన్‌కు పడిపోయింది. అలన్ బాల్ సీనియర్ మేనేజర్‌గా వచ్చి జట్టును తిరిగి నిలబెట్టాడు. 1966 ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులోని అలన్ బాల్‌కు ఈయన తండ్రి. 1970–71 సీజన్ చివరిలో టైటిల్ పోటీ ప్రెస్టన్, లండన్‌కు చెందిన ఫుల్‌హామ్ మధ్య మిగిలింది. ఫుల్‌హామ్ సొంత మైదానంలో జరిగిన మ్యాచ్‌లో ప్రెస్టన్ 1–0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ హెపోలెట్‌ది. తరువాత చివరి మ్యాచ్ కూడా గెలిచిన ప్రెస్టన్ 61 పాయింట్లతో విజేతగా నిలిచింది. ఫుల్‌హామ్‌కు 60. గోల్స్ చేయడం ప్రధాన బాధ్యత కాని ఆటగాడు అది. ప్రెస్టన్‌కు ఆడిన 150కి పైగా లీగ్ మ్యాచ్‌లలో ఆయన చేసిన గోల్స్ పదిహేనుకు లోపే.

మిడ్‌ఫీల్డర్ పని ప్రేక్షకుని కంటికి సులభంగా ఆనేది కాదు. బంతిని ప్రత్యర్థి నుంచి గుంజుకోవడం, తనవారికి చేర్చడం, తిరిగి వెనక్కు పరుగెత్తడం, తొంభై నిమిషాలూ ఇదే. పేరు గోల్ కొట్టినవానికి వస్తుంది. కింది డివిజన్ల బురద మైదానాలలో, చలికాలపు సాయంత్రాలలో ఈ పని మరింత కష్టం. నేతలో పడుగును ఎవరూ మెచ్చుకోరు, పైకి కనిపించే అంచునే చూస్తారు. వడోద్‌లో ఈ మాటకు వివరణ అక్కరలేదు.

రెండోసారి ఆ పాయింటు చేజారింది. 1972 చివరిలో హెపోలెట్ తూర్పు లండన్‌కు చెందిన ఓరియంట్‌కు మారాడు. ప్రస్తుత లేటన్ ఓరియంట్‌కు అప్పటి పేరు అది. రెండో డివిజన్ నుంచి మూడు జట్లు పైకి వెళ్లే ఏర్పాటు 1973–74లోనే మొదలైంది. ఓరియంట్ మూడో స్థానానికి చేరువైంది. ఆస్టన్ విల్లాతో చివరి మ్యాచ్ గెలిస్తే మొదటి డివిజన్ ఖాయం. ఆ మ్యాచ్ 1–1తో ముగిసింది. 49 పాయింట్లున్న కార్లైల్ యునైటెడ్ పైకి వెళ్లింది, 48తో ఓరియంట్ నాలుగో స్థానంలో ఉండిపోయింది. నాటి నుంచి నేటి వరకు ఆ క్లబ్బు అత్యున్నత అంచెలో మళ్లీ అడుగుపెట్టలేదు. అక్కడ వందకు పైగా లీగ్ మ్యాచ్‌లు ఆడిన హెపోలెట్‌కు కూడా మొదటి డివిజన్ అందలేదు.

1976లో క్రిస్టల్ ప్యాలెస్, ఆపై చెస్టర్‌ఫీల్డ్, చివరగా పీటర్‌బరో యునైటెడ్. ముప్పై ఏళ్ల ప్రాయానికి లీగ్ ఆట ముగింపుకు వచ్చింది. పెద్ద క్లబ్బులో ఆడినవాడు అప్పటికి కొంత కూడబెట్టుకుంటాడు. కింది డివిజన్ల ఆటగాడు మాత్రం ఆ వయసులో మరో జీవనోపాధి వెతుక్కోవలసినదే. ఇంగ్లండ్‌లో వారానికి 20 పౌండ్ల గరిష్ఠ వేతన నిబంధన 1961లోనే రద్దయినా, దాని ఫలం ప్రధానంగా పై అంచెకే దక్కింది. ఒప్పందం ముగిసిన తరువాత ఆటగాడు స్వేచ్ఛగా క్లబ్బు మారే హక్కు 1978 వరకు సరిగా అమలులోకి రాలేదు. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆడినవారి పరిస్థితి ఇందుకు భిన్నం. 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణానికి చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన జట్టు అది. ఆ ఆటగాళ్లకు వచ్చినది పోలీసు ఉద్యోగపు జీతమే, ఆట ఆగినా ఉద్యోగం ఉండేది. ఆదాయంలో కాకపోయినా భద్రతలో మనవారే మెరుగని చెప్పవచ్చు.

భారతదేశం నుంచి నేరుగా ఇంగ్లండ్ కింది లీగ్‌కు వెళ్లిన సందర్భం కోసం 1999 వరకు ఆగవలసి వచ్చింది. సిక్కింకు చెందిన బైచుంగ్ భుటియా ఆ ఏడాది మూడో అంచెలోని బరీ క్లబ్బులో చేరాడు. బరీ పట్టణం హెపోలెట్ పెరిగిన బోల్టన్‌కు పొరుగునే ఉంది. ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయిన ఆ క్లబ్బును 2019 ఆగస్టులో లీగ్ నుంచే తొలగించారు. కింది అంచెలో ఆటగాని బతుకే కాదు, క్లబ్బు బతుకూ అంత నిలకడ లేనిదే.

హెపోలెట్ వంటివారిని దేశం తనవారిగా లెక్కించాలా అన్న ప్రశ్న ఇప్పుడు మరో రూపంలో ముందుకు వచ్చింది. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి ఆటగాళ్లను జాతీయ జట్టులోకి తీసుకోవడానికి మన నిబంధనలు అనుమతించవు, భారత పాస్‌పోర్టు తప్పనిసరి. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ ఆ దారి తెరిచింది. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన మిడ్‌ఫీల్డర్ హమ్జా చౌధురి 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో భారత్‌పైనే బంగ్లాదేశ్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. ఆ మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది. అదే ఏడాది నవంబరులో, ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మౌత్, ఆక్స్‌ఫర్డ్, బార్న్స్‌లీ, రాథర్‌హామ్ వంటి క్లబ్బులకు ఆడిన ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని భారత పాస్‌పోర్టు తీసుకున్నాడు. ముంబయి ఆంగ్లో ఇండియన్ కుటుంబానికి చెందినది ఆయన తల్లి. బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతున్న ఆయనకు వెంటనే జాతీయ శిక్షణ శిబిరం నుంచి పిలుపు అందింది.