పాట పలికే కాగితం

1910లో రఘుపతి వెంకయ్య మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో తెర మీద బొమ్మలు చూపిస్తూ, వాటితో పాటే పాటలూ వినిపించారు. బందరులో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన ఆయన ఇందుకోసం ఫ్రెంచి గోమో కంపెనీ వారి క్రోనోమెగాఫోన్ తెప్పించుకున్నారు. హాలంతా వినపడేలా శబ్దాన్ని పెంచే యాంప్లిఫయరు ఆ రోజుల్లో లేదు. రికార్డు మీది కంపనాలతో ఒక కవాటం ఆడుతుంటే, దాని గుండా ఒత్తిడి పట్టించిన గాలి బూరలోకి దూసుకుపోయేది. చివరి వరుసకు పాట చేర్చడానికి అంత తంటాలు!

నిజానికి లౌడ్ స్పీకర్ కిటుకు 1874 నాటికే పేటెంటు పత్రాలకెక్కింది. అయస్కాంతం మధ్య సన్నని తీగచుట్టను ఉంచి కరెంటు పంపితే అది ముందుకూ వెనక్కూ కదులుతుందని జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ సీమెన్స్ చెప్పాడు. దాన్ని గట్టిగా ఆడించే కరెంటే కరువు. బలహీనమైన కరెంటును పెంచే రేడియో వాల్వులు వచ్చాక ఆ కొరత తీరింది. 1915లో అమెరికాలో జెన్‌సెన్, ప్రిడ్‌హామ్ ఆ తీగచుట్టకు బూర తగిలించి జనసభలో మాట వినిపించారు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెలాగ్ బూర తీసేసి, చుట్టకు కాగితపు కోన్ అతికించారు. ఇవాళ మన ఇళ్లలో మోగే స్పీకర్లలో చాలావాటికి మూలం అదే.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాక ఆ కాగితం మన పల్లెల్లోనూ పలికింది. పంచాయతీ ఆఫీసు రేడియో చుట్టూ సాయంత్రం జనం చేరేవారు. ఆ వాల్వు రేడియోల నుంచి స్పీకర్‌కు అందేది కొద్దిపాటి వాట్లే. ఆ కాస్త కరెంటుతోనే అరుగు మీది వాళ్లందరికీ వినపడాలి. అందుకే కోన్ వెడల్పుగా, తేలిగ్గా చేశారు. అయస్కాంతం బలంగా పెట్టారు. కరెంటు తక్కువ కాబట్టి వచ్చినదాన్ని వృథా చేయకూడదన్న పొదుపులోంచి పుట్టిన రూపం అది.

పొదుపులో మైకు సెట్టు హారన్‌ది మరో మెట్టు. చేతులు దొప్పలా పట్టి కేకేసినట్టు, అది శబ్దాన్ని చెదరనివ్వక ఒకవైపే తోస్తుంది. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర పాటలు రాత్రిళ్లు అంత దూరం వినిపించడంలో గాలి వాటా కూడా ఉంది: కొల్లేరు నీటి మీది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు, పైకి పోవలసిన ధ్వని కిందికి వంగుతుంది. అయితే చిన్న హారన్ మంద్రాన్ని పలకలేదు. ఊరంతా వినడానికి అది సరే, ఇంటి గదికి పనికిరాదు.

1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ కథ మలుపు తిప్పాడు. గాలి చొరబడని చిన్న పెట్టెలో బరువైన కోన్ బిగించి లోతైన మంద్రం రాబట్టాడు. దానికి ఎక్కువ వాట్లు కావాలి. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాక, పెట్టెలు చిన్నవవుతూ పోయాయి, పొదుపు మరుగున పడింది.

పాత తరహా స్పీకర్ మనసుకు దగ్గరగా అనిపించడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో కొలిస్తే దాన్ని సెన్సిటివిటీ అంటారు. 85 డెసిబెల్స్ పెట్టెతో 95 డెసిబెల్స్ పెట్టెకు సమానంగా మోత రావాలంటే పదింతల వాట్లు పొయ్యాలి. వాట్లు పోసినకొద్దీ తీగచుట్ట వేడెక్కి, దాని నిరోధం పెరిగి, తబలా దెబ్బ మొనదేలి రావలసిన చోట కాస్త మొద్దుబారుతుంది. సెన్సిటివిటీ ఎక్కువున్న పెట్టెకు ఆ బాధ తక్కువ. పైగా చాలా పాత పెట్టెల్లో గాయకుడి గొంతంతా ఒకే కోన్ మీద పలికేది; రెండు మూడు స్పీకర్ల మధ్య చీలేది కాదు. ఆ తియ్యదనంలో కొంత కాగితం తనంతట తాను కలిపిన రంగన్నదీ నిజమే. ఆ రంగు నచ్చడం తప్పేమీ కాదు.

కాబట్టి చింతలపూడిలోనో ఏలూరులోనో పాత తరహా స్పీకర్లు కొనేవారు దుకాణంలో వాట్ల కంటే ముందు సెన్సిటివిటీ అడగాలి. ఎక్కువగా వినేది ఘంటసాల, లీల పాటలైతే జత కూడా అక్కర్లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు మోనోలోనే ఉన్నాయి, ఒక్క మంచి పెట్టె చాలు.

నిజంగా పాతదే కొంటుంటే కోన్‌ను రెండు చేతుల వేళ్లతో అంచుల దగ్గర సమంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడండి. గరగరమంటే తీగచుట్ట రాసుకుంటోందని అర్థం. ఒకటిన్నర వోల్టుల సెల్లును తీగలకు క్షణం తాకిస్తే కోన్ టక్కుమని కదలాలి. రెండు స్పీకర్లూ ఒకే వైపు కదిలితే వైర్లు సరిగ్గా ఉన్నట్టు. కోన్ చుట్టూ ఫోమ్ అంచు ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ, అందులోనూ మన తేమకు, పొడిపొడిగా రాలుతుంది. గుడ్డ అంచో మడతల కాగితపు అంచో ఎక్కువకాలం నిలుస్తుంది.

గది సంగతీ చూసుకోవాలి. పైన శ్లాబు, కింద టైల్స్, చుట్టూ బోసి గోడలైతే ఎంత ఖరీదైన స్పీకరైనా గోల చేస్తుంది. పరుపు మంచం, దళసరి తెరలు, పుస్తకాల బీరువా ఆ ప్రతిధ్వనిని చాలావరకు మింగేస్తాయి.

ఇక ఎంపిక. రెండు పెట్టెలు పోల్చేటప్పుడు ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని చెవి మోసపోతుంది. రెండింటి మోతా సమానం చేయించి, మీకు కంఠతా వచ్చిన పాటే పెట్టించండి. ఆపైన మామూలుగా మాట్లాడుకునే గొంతు స్థాయికి దించండి. ఆ తక్కువ మోతలోనూ పల్లవి మాటలు, తంబురా శ్రుతి విడివిడిగా తెలిసిన పెట్టెకే డబ్బులు కట్టండి.