‘లోగత్’: ఒక మాట ప్రయాణము

ఇండొనీషియాలో నోరు విప్పగానే మనిషి ఊరును తెలుపు యాసకు ‘లోగత్’ అని పేరు. ఇది అరబ్బీ ‘లుగత్’. అరబ్బీలో దానికి భాష యని అర్థము. హైదరాబాదులో వినవచ్చు ఉర్దూలో నిఘంటువని అర్థము. ఆ ద్వీపములలో భాషకు సంస్కృతమునుండి వచ్చిన ‘బహాస’ స్థిరపడగా, ‘లోగత్’ ముఖ్యముగా యాసకు నిలిచినది.

1928 అక్టోబరు 28న బటేవియాలో యువజన మహాసభ మలయ్ పునాదిగాగల ఇండొనీషియా భాషను ఐక్యభాషగా చాటినది. అది జావావారికిగాని సుండావారికిగాని తల్లిభాష కాదు. 700కు పైగా భాషలుగల ఆ దేశమున, నేర్చిన భాషలో తల్లిభాష ధ్వనించుట సహజము. బాండుంగ్ నగరమును జావావాడు ‘మ్బాండుంగ్’ అనును.

బాలుడు పదము తప్పినచో గురువు దిద్దవలెను. యాసను విని నవ్వినచో మాత్రము, ఆ నవ్వు వాని తల్లిని తాకును.